బోను పక్క కుర్చీ

భోజనాల బెల్లు కొట్టారు, కోర్టు హాలు ఖాళీ అయిపోయింది, జడ్జి సార్ కుర్చీలోంచి లేస్తూ రోజూ అడిగినట్టే "మధ్యాహ్నానికి ఏమున్నాయమ్మా?" అన్నారు, నేనూ రోజూ చెప్పినట్టే "పెద్దగా ఏం లేవు సార్, అన్నీ నేరం ఒప్పుకునేవే" అన్నాను, ఆయన "హమ్మయ్య" అనుకుంటూ వెనక గదిలోకి వెళ్లిపోయారు, ఆ ఒప్పుకునేవాళ్లలో ఆఖరివాడు నా తమ్ముడని మాత్రం నేను చెప్పలేదు. చెబుదామని నోరు తెరిచినట్టే గుర్తు, తెరిచిన నోట్లోంచి దగ్గు వచ్చింది. ఇప్పుడీ హాల్లో నేనూ, నెత్తి మీద కిర్రుకిర్రుమనే ఫ్యానూ, తాడు కట్టిన ఫైళ్లూ, నా పక్కన ఖాళీ బోనూ. బోను మీది కొయ్య కమ్మీ నున్నగా మెరుస్తోంది, దానికెవరూ పాలిష్ పెట్టలేదు, ఇన్నేళ్లుగా అక్కడ నిలబడ్డవాళ్ల చెమట చేతులే పెట్టాయి. కాసేపట్లో వాడి చేతులు కూడా దాని మీదే ఉంటాయి. డబ్బా మూత తీయబుద్ధి కావడం లేదు, తీస్తే తినాలి, తింటే ఇది మామూలు రోజే అయిపోతుంది, కాదని ఎవరికైనా చూపించుకోవాలనుంది, ఎవరూ లేరు.

ఈ కోర్టులో బోనుకి అందరికంటే దగ్గరగా కూర్చునేది నేనే. ఈ కుర్చీ ఇక్కడెవరు వేశారో తెలియదు, నాకు ముందున్న స్టెనో ఇక్కడే కూర్చుంది, ఆవిడకి ముందున్నాయనా ఇక్కడే. ప్లీడర్లు దూరంగా ఉంటారు, సార్ ఎత్తులో ఉంటారు, మధ్యలో ఫ్యాను రొద, బోనులో నిలబడ్డవాడు గొణిగేది సార్ దాకా పోదు. పోకపోయినా పనేం ఆగదు, ఆయన ఫైల్లోంచి తల ఎత్తకుండానే "ఏమన్నాడమ్మా?" అంటారు, నేను చెబుతాను, దాన్ని ఆయన కోర్టు మాటల్లోకి మార్చి తిరిగి నాకే చెబుతారు, నేను టైపు కొడతాను. నా నోట్లోంచి వెళ్లింది నా వేళ్లలోకే తిరిగొస్తుంది, మధ్యలో ఆ మనిషి ఎక్కడో జారిపోతాడు. ఏడిస్తే రాయం, వణికితే రాయం, నీళ్లు నమిలితే రాయం. ఒకసారి కుళాయి దగ్గర గొడవ కేసులో ఒకాయన, పక్కింటివాడు తనని ఎలా తిట్టాడో అక్షరం పొల్లుపోకుండా ఏకరువు పెట్టాడు, హాలంతా నవ్వాపుకోలేక చచ్చింది, సార్ మాత్రం గంభీరంగా "అసభ్యంగా దూషించాడు అని కొట్టమ్మా" అన్నారు, ఆ మనిషి లబలబలాడాడు, "అయ్యా, అదేంటండీ, అంతసేపు తిడితే రెండు ముక్కలేనా?" అని. నేనూ నవ్వాను, ఇంటికెళ్లి మా ఆయనకి చెప్పి మళ్లీ నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రావడం లేదు, ఆ మనిషి ముఖమే కనిపిస్తోంది, తన సొత్తేదో లాక్కున్నట్టు చూశాడు పాపం. తల ఊపితే మాత్రం రాస్తాం. తల ఊపుడుకి చప్పుడుండదు, కాగితానికేమో మాట కావాలి, అందుకని ఇక్కడ ఊగిన ప్రతి తలా నా వేళ్ల కింద ఒకే వాక్యం అయిపోతుంది, నేరం చేశానని ఒప్పుకుంటున్నాను, నన్నెవరూ బలవంతం చేయలేదు. తాగి రోడ్డు మీద అరిచినవాడిదీ, దారికడ్డంగా బండి నిలిపినవాడిదీ, పేకాడినవాడిదీ ఒకటే వాక్యం. ప్లీడర్లు ముందే చెప్పేస్తారు కాబట్టి ఒప్పుకునేవాళ్ల కాగితాలు పొద్దున్నే కొట్టి ఉంచుకుంటాను, వాళ్లు అక్కడ ముఖం కడుక్కుని ఉంటారో లేదో, వాళ్ల ఒప్పుకోలు ఇక్కడ తయారు. పొద్దున వాడిదీ కొట్టాను. తండ్రి పేరు అన్నచోట మా నాన్న పేరు కొడుతుంటే చెయ్యి ఆగింది, తప్పు పడిందేమోనని మళ్లీ చూసుకున్నాను, తప్పేం లేదు.

నాన్నే కదా వాడికి తల ఊపడం నేర్పింది. నేర్పాలని నేర్పలేదు, ఆయన గొంతే అంత, మంచినీళ్లడిగినా వీధి చివర వినబడేది, గట్టిగా ఎవరేమడిగినా వాడి తల దానంతటదే ఊగేది. "పాలు ఒలకబోసింది నువ్వేనా?" ఊగేది. "నువ్వేనా?" అంటే చాలు ఊగేది. ఊపితే ఒక దెబ్బతో పోతుంది, కాదంటే ఎందుకు కాదో చెప్పాలి, చెప్పడానికి వాడికి నోరు పెగలదు, అంతకంటే దెబ్బే నయమని చిన్నప్పుడే లెక్కేసుకున్నాడు కాబోలు. బీరువా తాళంచెవి పోయిన రోజు ఇల్లంతా తిరగేశాం, నాన్న అడిగాడు, వాడు ఊపాడు, ఎక్కడ పడేశావంటే దానికీ ఊపాడు, వీపు చిట్లింది. చీకటి పడ్డాక నాన్న చొక్కా విప్పుతుంటే జేబులోంచి తాళంచెవి ఠంగుమని కింద పడింది. నాన్న దాన్ని తీసి చాలాసేపు చేతిలో తిప్పి, "మరి ఎందుకు ఒప్పుకున్నావురా?" అన్నాడు, మెల్లగా అందామనే అనుకున్నాడు, గట్టిగానే వచ్చింది. వాడు మళ్లీ తల ఊపాడు. అమ్మ నవ్వాపుకోలేక వంటింట్లోకి పరిగెత్తింది, వెళ్లి చూస్తే గోడకి తల ఆనించి ఏడుస్తోంది. నాన్న పోయి ఎన్నాళ్లయిందో, ఆ గొంతు మాత్రం పోలేదు, వాడెక్కడ పనికి కుదిరినా ఎవరో ఒకరి నోట్లోంచి వస్తూనే ఉంది. కింద ఏదో వ్యాను ఆగింది, వాణ్ణి జైలు నుంచి తెచ్చేదేమో, తలుపు జరిగిన చప్పుడు, బూట్లు, కాదులే, ఇంకా టైముంది.

అందుకే లిఫ్టు పని దొరికినప్పుడు నేను సంబరపడ్డాను. అన్ని అంతస్తుల బట్టల కొట్టు, లోపల స్టూలు, ఎదురుగా బొత్తాలు, ఎవరో వచ్చి ఎన్నో అంతస్తో చెబుతారు, వీడు తల ఊపుతాడు, అంతే, వాడి కోసమే పుట్టిన ఉద్యోగం అనుకున్నాను, ఆ మాటంటే వాడూ నవ్వాడు, "పైకీ కిందికీ తప్ప ఎక్కడికీ పోనక్కా" అన్నాడు. మాటలు తక్కువే కానీ అన్నప్పుడు బాగా అంటాడు. సెలవు రోజుల్లో ఎవరి దగ్గరో వ్యాను నడపడం నేర్చుకున్నాడు, లైసెన్సు తెచ్చుకున్నాడు, మా ఇంటి దగ్గరి స్కూలు వాళ్లు పిల్లల వ్యానుకి వాణ్ణి చూసి సరేనన్నారు, మెత్తగా నడుపుతాడు, పిల్లల మీద అరవడు, ఇంకేం కావాలి, పోలీసుల దగ్గర మచ్చలేదని ఒక కాగితం తెస్తే చాలన్నారు. ఆ కాగితం కోసం అర్జీ పెట్టుకున్న తర్వాతే ఈ గొడవ. ఎవరో ఆవిడ చేతిసంచి లిఫ్టులో మరిచిపోయింది, అది వీడి స్టూలు వెనక దొరికింది, అందులో ఉండాల్సిన గొలుసు దొరకలేదు. మేనేజరు "నువ్వేనా?" అని గద్దించాడట. ఇక నేను వేరే వినక్కర్లేదు, అక్కడ లేకపోయినా ఆ తల ఊగడం నాకు కనబడింది. స్టేషన్లోనూ ఊపి ఉంటాడు, గొలుసు ఎక్కడ పారేశావంటే దానికీ ఊపి ఉంటాడు, కాలవలో పారేశానన్నాడని రాసుకున్నారు, అది రాసింది కూడా నాలాంటిదో, నాలాంటివాడో. స్కూలు వ్యాను మాట అప్పటినుంచి మా ఇంట్లో ఎవరమూ ఎత్తడం లేదు.

మొన్న జైల్లో చూడ్డానికి వెళ్లినప్పుడు జాలీ అవతల వాడు, ఇవతల నేను, అటూ ఇటూ అందరూ ఒకేసారి అరుస్తున్నారు, నేనూ అరవాల్సి వచ్చింది, "ఒరేయ్, నిజం చెప్పు, తీశావా?" తల ఊపాడు. "తీయలేదా?" దానికీ ఊపాడు. నాకు ఒళ్లు మండిపోయింది, ఇంతమంది మాటలు ఇన్నేళ్లుగా పట్టుకుంటున్నదాన్ని, తోడబుట్టినవాడి ఒక్క మాట పట్టుకోలేకపోయాను, "నీకో దండంరా" అని వచ్చేశాను, వెనక్కి తిరిగి చూస్తే జాలీకి వేళ్లు పెట్టుకుని నిలబడే ఉన్నాడు. తీశాడా? తీయలేదనే నా నమ్మకం. నమ్మకమే, తెలియడం కాదు. సర్కారు తరఫున ఉచితంగా ఇచ్చిన ప్లీడరు మంచివాడే, పాపం చేతినిండా కేసులు, మెట్ల మీదే నిలబెట్టి చెప్పాడు, "ఒప్పుకుంటే ఇన్నాళ్లు లోపలున్నదే శిక్ష కింద లెక్కేసి ఇక్కణ్ణించే ఇంటికి పంపేస్తారమ్మా, కాదంటే వాయిదాలే, జామీనుకి మనిషుంటే వేరే సంగతి." జామీనుకి మనిషి లేడు. కోర్టులో పనిచేసేదాన్ని, నేను నిలబడలేను, మా ఆయన్నడిగితే "నీ తమ్ముడి కోసం నా ఉద్యోగానికి ఎసరు పెట్టుకోనా?" అని పక్కకి తిరిగి పడుకున్నాడు. ప్లీడరు వాడికీ ఇదే చెప్పాడట, వాడు తల ఊపాడట, "బుద్ధిమంతుడమ్మా, వెంటనే అర్థం చేసుకున్నాడు" అని మెచ్చుకున్నాడు. ఒప్పుకుంటే ఇంటికొస్తాడు, మచ్చ మాత్రం ఉండిపోతుంది, పిల్లల వ్యాను కాదు కదా, లిఫ్టు స్టూలు కూడా ఎవరూ ఇవ్వరు. ఒప్పుకోకపోతే మచ్చ పడుతుందో లేదో, ఎప్పుడు తేలుతుందో, అప్పటిదాకా జాలీ అవతలే. రెండూ గోతులే, ఏది లోతో చెప్పమంటే నేనేం చెప్పను.

అమ్మకి ఏ అనుమానమూ లేదు. పొద్దున్నుంచి కింద మెట్ల దగ్గర బెంచీ మీద కూర్చుంది, ఒళ్లో సంచి, సంచిలో వాడి చొక్కా, రాత్రి ఉతికి పొద్దున ఇస్త్రీ చేసింది. నేను హాల్లోకి వస్తుంటే కొంగు పట్టుకుని ఆపింది.

"ఏమే, వాడు తల ఊపుతాడుగా?"

"ఊపుతాడమ్మా."

"ఊపకపోతే?"

"వాడు ఊపకపోవడం ఎప్పుడైనా చూశావా?"

"అది కాదే. నాకు రాత్రుళ్లు ఊపిరాడట్లేదు. వాణ్ణి ఇంట్లో ఓ మూల చూసుకుంటే చాలు, దొంగంటే అననీ, ఎవరేమంటే ఏం. నువ్వు అక్కడే ఉంటావుగా, కాస్త చూడు" అంది. కాస్త చూడు అంటే ఏమిటో ఆవిడకీ తెలియదు. కోర్టులో కూతురు పనిచేస్తోందంటే ఆవిడ లెక్కలో కోర్టు సగం కూతురిదే. ఆ కొంగు దగ్గర నలిగిన గుర్తు ఇప్పటికీ పోలేదు, చేత్తో సాగదీస్తున్నాను, పోవడం లేదు. తలుపు దగ్గర ఎవరో, బెంచి గుమాస్తా గారు, చెయ్యి తుడుచుకుంటూ వచ్చారు, ఆయనొక్కడికే సంగతి తెలుసు, నాన్న పేరు చూసి పట్టేశాడు, ఇన్నేళ్ల పరిచయం, పెళ్లయి నా ఇంటిపేరు మారింది కాబట్టి మిగతావాళ్ల కంట పడలేదు.

"తిన్నావా తల్లీ?"

"సార్‌కి చెప్పేద్దామా అనుకుంటున్నానండి. నేను కూర్చోకూడదు కదా."

"కూర్చోకూడదు, నిజమే. నువ్వు లేస్తే రెండో స్టెనో కూర్చోవాలి, ఆవిడ సెలవులో ఉంది. ఫైలు కట్టేసి ఇంకో తారీఖు వేస్తారు. కుర్రాణ్ణి మళ్లీ వ్యానెక్కిస్తారు. అదేనా నీక్కావలసింది?"

నేను డబ్బాని పక్కకి జరిపాను.

"ఒక్క నిమిషం పని. వాడు తల ఊపుతాడు, నువ్వు చెబుతావు, సార్ సంతకం పెడతారు. ధర్మం న్యాయం అన్నీ సాయంత్రం ఇంటికెళ్లి ఆలోచించుకో" అని ఆయన ఫైళ్లు పేర్చుకోవడంలో పడ్డాడు. మంచికే చెప్పాడు. నా చుట్టూ అందరూ మంచికే చెబుతున్నారు. తెర మీద వాడి కాగితం తెరిచే ఉంది, నేరం చేశానని ఒప్పుకుంటున్నాను, నన్నెవరూ బలవంతం చేయలేదు, ఈ వాక్యం ఎన్నిసార్లు కొట్టానో, ఎప్పుడూ చదవలేదు, ఇప్పుడు చదువుతుంటే వాడి గొంతులో వినబడటం లేదు, ఎవరి గొంతులోనూ వినబడటం లేదు. తుడిచేయడానికి ఒక్క మీట నొక్కితే చాలు. తుడిచేసి ఏం రాయాలి? తల ఊపాడు, ఎందుకు ఊపాడో ఎవరమూ అడగలేదు, అని రాయనా? సార్ నవ్వుతారు, లేదా నవ్వరు. ఒకసారి చెవులు వినబడని మనిషిని తెచ్చారు, అతనూ ఎవరేమన్నా చిరునవ్వుతో తల ఊపుతున్నాడు, అడిగి, అర్థం చేసుకుని, ఒప్పుకున్నాడు అని కొట్టేశాను, అతను బయటికి వెళ్తూ నాకు నమస్కారం పెట్టాడు. వాడు పెట్టడుగా, నా తమ్ముడు, నాకు నమస్కారం పెట్టడుగా. మెట్ల మీద బూట్ల చప్పుడు, ఈసారి నిజంగానే, బెల్లు, అందరూ లేచారు, నేనూ లేచి మళ్లీ కూర్చున్నాను.

మొదటివాడు అయ్యాడు, తర్వాతివాడు అయ్యాడు, "ఏమన్నాడమ్మా?" "ఒప్పుకున్నాడు సార్," కాగితం, సంతకం, వాళ్ల ముఖాలు కూడా నేను చూడలేదు. ఆ తర్వాత వాడు. సన్నబడ్డాడు, చొక్కా కాలరు నల్లగా ఉంది, అమ్మ చూస్తే ఏడుస్తుంది, గడ్డం నాన్నలా వస్తోంది. బోనెక్కి కమ్మీ పట్టుకున్నాడు, చెయ్యి చాపితే నాకు తగిలేంత దగ్గర. సార్ ఫైల్లోంచి తల ఎత్తకుండా అడిగారు, గొంతు పెద్దది, "చేతిసంచిలోంచి గొలుసు దొంగిలించావని నీ మీద కేసు. ఒప్పుకుంటున్నావా?" నేను వాడి తల వైపే చూస్తున్నాను. ఊగుతుందని చూస్తున్నాను. ఊగలేదు. కమ్మీ మీద వేళ్లు బిగుసుకున్నాయి, వాడు నా వైపు చూశాడు, ఎదురుగా అక్క కూర్చుంది కాబట్టి ధైర్యం వచ్చిందేమో, నోరు తెరిచి మెల్లగా, ఒక్క అక్షరం తడబడకుండా అన్నాడు.

"నేను తియ్యలేదండి. ఆ సంచి అక్కడుందని కూడా నాకు తెలీదండి."

పుట్టాక మొదటిసారి. నాన్న ముందు అననిది, మేనేజరు ముందు అననిది, జాలీ దగ్గర నాకు కూడా చెప్పనిది. నిజం, నిజమే, ఆ గొంతు విన్న ఎవరికైనా తెలుస్తుంది, విన్నది మాత్రం నేనొక్కదాన్నే, ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది, ప్లీడరు ఫోను చూసుకుంటున్నాడు, సార్ అప్పుడే కలం మూత తీశారు.

"ఏమన్నాడమ్మా?"

తీయలేదంటున్నాడు సార్, అంతే కదా, రెండు ముక్కలు, రోజంతా ఇతరుల ముక్కలే మోసే నోరు, మొయ్యొచ్చు, మోస్తే ఫైలు కడతారు, తారీఖు వేస్తారు, వాణ్ణి కిందికి దింపుతారు, బెంచీ మీద అమ్మ లేచి నిలబడుతుంది, చొక్కా సంచిలోంచి సగం తీసి ఉంటుంది, మళ్లీ వ్యాను, మళ్లీ జాలీ, వాడు అక్కడ ఎవరు గట్టిగా అడిగినా తల ఊపుతూనే ఉంటాడు, ఇంకెన్నిటికి ఊపుతాడో, అమ్మకి ఊపిరాడదు, కాస్త చూడవే, కాస్త చూడు.

"ఒప్పుకున్నాడు సార్."

నా గొంతే. రోజూ వచ్చే గొంతే, ఏ వణుకూ లేదు. సార్ అప్పుడు తల ఎత్తారు, ఆఖరి కేసు కదా, కాస్త తీరిగ్గా వాడి వైపు చూసి, "నిన్నెవరూ బలవంతం చేయలేదు కదా?" అని గట్టిగా అడిగారు. వాడు సార్‌ని చూడటం లేదు, నన్నే చూస్తున్నాడు. చూస్తూ చూస్తూ తల ఊపాడు. నేను మీట నొక్కాను, మిషన్లోంచి కాగితం వెచ్చగా వచ్చింది, వాడు సంతకం పెట్టాడు, గుండ్రటి అక్షరాలు, చిన్నప్పుడు పలక మీద నేను దిద్దించినవే. ఇన్నాళ్లు లోపలున్నదే శిక్ష అన్నారు సార్, పొమ్మన్నారు, కోర్టు లేచింది.

కింద అమ్మ వాడికి ఆ నల్ల కాలరు చొక్కా మీదే ఇస్త్రీ చొక్కా తొడిగేస్తోంది, విప్పేదాకా కూడా ఆగలేకపోయింది, "మంచి పని చేశావురా నాన్నా, మా బంగారు తండ్రి" అంటూ గుండీలు పెడుతోంది, ఒకదానికి బదులు ఒకటి పెడుతోంది. వాడు చేతులు వేలాడేసి నిలబడ్డాడు. ప్లీడరు అటుగా వెళ్తూ వాడి భుజం తట్టాడు. ఇంటికి ఏ బస్సు అని అమ్మ నన్ను అడుగుతోంది, నాకు వినబడుతూనే ఉంది. వాడు అమ్మ తల మీదుగా నన్ను చూసి, నాన్నలా కాదు, మేనేజరులా కాదు, మెల్లగా, నాకు మాత్రమే వినబడేలా అడిగాడు.

"నేనన్నది నీకు వినపడలేదా అక్కా?"

నేను తల ఊపాను.